రశీదుకీ రిసీట్‌కీ చుట్టరికం ఉందా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు మాటల పలుకు తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పడుతోంది. నోటుబుక్కులో 'రిసిప్ట్ - రశీదు' అని కనిపించింది. "పి పలకకూడదమ్మా, రిసీట్ అనాలి" అన్నాను. "పలకనప్పుడు రాయడం ఎందుకు నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మన రశీదు అందులోంచే వచ్చిందా అని కూడా అడుగుతోంది. తెలిసినవారు చెప్పండి.

జవాబు (విజయవాడ నుంచి):
ముందు రెండోది తేలుద్దామండీ. రాలేదు. రశీదు ఫారసీ మాట, ఉర్దూ మీదుగా మనకు చేరింది. ఫారసీలో 'రసీద్' అంటే చేరింది, అందింది అని. అందుకే కొందరు రసీదు అని రాస్తారు, అదీ తప్పు కాదు.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో వన్ టౌన్‌లో మా మేనమామ హోల్‌సేల్ కొట్లో కూర్చునేవాణ్ణి. గుమాస్తా గారు రశీదు పుస్తకంలో కాగితం కింద కార్బన్ సర్ది, పెన్ను గట్టిగా నొక్కి, చివర్లో "పై మొత్తం ముట్టినది" అని రాసి సంతకం చేసేవారు. ముట్టినది అన్నా రసీద్ అన్నా భావం ఒకటే. ఫారసీ మాట పైన, దాని తెలుగు అర్థం కింద, రెండూ ఒకే కాగితం మీద అన్నేళ్లు నా కళ్లముందే ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన రోజు నాకు పట్టరానంత సంతోషం కలిగింది.

ఇక ఆ పి. రిసీట్ మూలం లాటిన్‌లో 'రెకెప్తా'. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చేసరికి పి ధ్వని అరిగిపోయింది, పాత రాతలో అక్షరం కూడా లేదు. ఆ తర్వాత లాటిన్ చదువుకున్న పండితులు మూలంలో ఉంది కదా అని రాతలో తెచ్చి పెట్టారు. జనం నోరు మాత్రం మారలేదు. డెట్, డౌట్ మాటల్లో బి కథా ఇదే. డిసీట్ అంటే మోసం, కన్సీట్ అంటే గర్వం. ఈ రెండూ రిసీట్‌కి తోడబుట్టినవే, వాటికి మాత్రం పి దక్కలేదు!

అమ్మాయికి నేనైతే ఇలా చెబుతాను. ఆ పి నోటికి కాదు తల్లీ, కంటికి. పెళ్లి రిసెప్షన్ అన్నప్పుడు పి గట్టిగా పలుకుతాం. వచ్చినవాళ్లను అందుకునేది రిసెప్షన్, డబ్బు అందిందని రాసిచ్చేది రిసీట్. డెట్ అంటే అప్పు, అందులో మూగబోయిన బి డెబిట్ కార్డులో వినిపిస్తుంది. ఇలా జంటగా పట్టుకుంటే స్పెల్లింగూ అర్థమూ కలిసి గుర్తుంటాయి.

మనకూ ఇలాంటిది ఉండేది, అరసున్న. ఏడు అంటే 7, ఏఁడు అంటే సంవత్సరం. ఈనాటి పలుకులో తేడా లేదు. కానీ 'ఏండ్లు' అనగానే ఆ సున్న బయటికి వస్తుంది, రిసీట్‌లో దాగిన పి రిసెప్షన్‌లో బయటపడ్డట్టే. మూఁడు పక్కన తమిళుల 'మూన్ఱు' పెట్టి చూడండి, సున్న ఎక్కడిదో తెలుస్తుంది. మనం దాన్ని రాతలోంచి తీసేశాం, ఇంగ్లీషువాళ్లు పి ఉంచుకున్నారు. అరసున్న పోవడం వల్ల పిల్లలకు రాయడం తేలికైంది, కాదనను. కానీ మాటల చుట్టరికం చూపే గుర్తు ఒకటి చెరిగిపోయిందన్న బాధ నాకుంది.

ఇంకొకరు:
మరి ప్లంబర్ సంగతి? బి పలకకూడదట. పంపు పాడైతే ప్లమర్‌ని పిలవండి అంటే మా వీధిలో ఎవరికీ అర్థం కాదు.

జవాబు (విజయవాడ నుంచి):
అనక్కర్లేదండీ. తెలుగు వాక్యంలో ప్లంబర్ తెలుగు మాటే అయిపోయింది, బాంబులాగే. బాంబుని బామ్ అని దిద్దబోతే వినేవాళ్లకు ఇబ్బంది తప్ప ఏమీ లేదు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మాత్రం ప్లమర్, బామ్ అనాలి. ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలకు ఈ తేడా తప్పక చెప్పాలి. ఆ బి కూడా ఊరికే లేదు. లాటిన్‌లో సీసం పేరు 'ప్లుంబుమ్'. అప్పట్లో నీళ్ల గొట్టాలు సీసంతో చేసేవారు కాబట్టి ఆ పనివాడికి ఆ పేరు. కెమిస్ట్రీలో సీసం గుర్తు పీబీ ఎందుకైందో అమ్మాయిని అడగండి, తనే చెబుతుంది. ఇంగ్లీషువాళ్లలో ప్లమర్ అనే ఇంటిపేరుంది. అందులో బి లేదు, రెండు ఎమ్‌లు ఉంటాయి. పలికినట్టే రాసుకున్న పాత రాత అది.

ఇంకొకరు:
అయితే పలకని ప్రతి అక్షరానికీ లాటిన్ చుట్టం ఉన్నట్టేనా? భవానీ ఐలాండ్‌కి వెళ్లినప్పుడల్లా బోర్డు మీద ఎస్ చూసి అనుకుంటాను.

జవాబు (విజయవాడ నుంచి):
లేదండీ, అక్కడ పండితులే పొరబడ్డారు. ఐలాండ్ అచ్చమైన పాత ఇంగ్లీషు మాట, మొదట్లో అందులో ఎస్ లేనేలేదు. ద్వీపానికే ఫ్రెంచి నుంచి వచ్చిన 'ఐల్' అనే మాట వేరే ఉంది. దాని మూలం లాటిన్ 'ఇన్సులా', ఎస్ దానిది. రెండూ ఒకటే అనుకుని దీనికీ తగిలించారు. నైఫ్‌లో కె దారి ఇంకోటి. దాన్ని ఎవరూ తెచ్చిపెట్టలేదు, పూర్వం నిజంగానే పలికేవారు. పలుకు పోయింది, రాత మిగిలింది. కాబట్టి ఏ అక్షరం ఎలా వచ్చిందో డిక్షనరీ తీసి విడివిడిగా చూసుకోవాల్సిందే. ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో వెతకండి. మాట పుట్టుక కూడా ఇచ్చే డిక్షనరీ దొరికితే పాతదైనా సరే, తీసుకోండి.