ఆనింగ్ కిటికీలు పెట్టించొచ్చా? గ్రిల్లు, దోమల మెష్ సంగతేంటి?

ప్రశ్న – ఇల్లు కడుతున్నాయన, మధురవాడ (విశాఖపట్నం)
నమస్కారమండీ. 200 గజాల్లో జీ ప్లస్ వన్ కడుతున్నాం. స్లాబులు అయిపోయాయి, లోపల ప్లాస్టరింగ్ నడుస్తోంది. తూర్పు గాలి తిన్నగా కొడుతుంది, వానొచ్చిందంటే జల్లంతా గదుల్లోకే. కిటికీలన్నీ ఆనింగ్ పెట్టిద్దామని మా అబ్బాయి పట్టు. అదేనండీ, కీలు పైనుండి, రెక్క కింది నుంచి బయటికి లేచేవి. మేస్త్రీ ఏమో "స్లైడింగ్ పెట్టించుకోండి సార్, గొడవుండదు" అంటున్నాడు. గ్రిల్లు లేకుండా మాత్రం కుదరదని మా ఆవిడ. సైజులు: పడగ్గదులకి 5×4 అడుగులు, వంటింటికి 4×3, బాత్రూములకి 2×1½. వాడినవాళ్లు చెప్పండి.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీల ఫ్యాబ్రికేటర్, గాజువాక
ముందు గ్రిల్లు ఎటు పెడతారో తేల్చుకోండి సార్, కిటికీ సంగతి తర్వాత. బయట గ్రిల్లుంటే ఆనింగ్ రెక్క లేవదు, అది లోపలే ఉండాలి. అంటే హ్యాండిల్ గ్రిల్లుకి అవతల పడుతుంది, ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి తిప్పి తొయ్యాలి. నిలువు ఊచలు నాలుగేసి అంగుళాల ఎడంలో ఉంటే పర్వాలేదు. పువ్వులూ లతలూ ఉన్న డిజైన్ గ్రిల్లయితే చెయ్యి పట్టదు.

మెష్ కూడా లోపలే. కిటికీ తీయాలంటే ముందు మెష్ తీయాలి, రెక్క తొయ్యాలి, మళ్లీ మెష్ వేయాలి. సాయంత్రం పూట ఆ కాస్త సందులోనే వచ్చే దోమలు వచ్చేస్తాయి! స్లైడింగ్‌కైతే మూడు ట్రాకుల ఫ్రేములో మెష్ కూడా ఒక రెక్కే. మీ మేస్త్రీ అనేది అందుకే.

జల్లు విషయానికొస్తే మాత్రం మీ అబ్బాయి మాటే కరెక్టు. స్లైడింగ్ రెక్క జరగాలి కాబట్టి అంచుకి బ్రష్ లాంటి పైల్ తప్ప ఇంకేం ఉండదు. గాలివానకి నీళ్లు ట్రాకులో నిండి లోపలికి పొంగుతాయి. ఆనింగ్‌కి చుట్టూ రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది, గడియ వేశాక బయటి గాలి ఎంత నెడితే రెక్క ఫ్రేముకి అంత బిగుస్తుంది.

గృహిణి, కాకినాడ
మా వంటింట్లో గట్టు మీద ఆనింగే ఉందండీ, మెష్ చుట్టుకుపోయే రోలర్ రకం. గట్టు అవతలికి వంగాల్సొచ్చినా హ్యాండిల్ రెక్క అడుగున ఉంటుంది కనుక అందుతుంది. చినుకులు పడుతున్నా కొంచెం తెరిచే ఉంచుతాను, పోపు ఘాటు బయటికి పోతుంది. బాధల్లా బయటి వైపు అద్దమే. కింద ఇల్లయితే వెనక్కి వెళ్లి తుడుచుకోవచ్చు, మేడ మీద ఆ జిడ్డు అలా ఉండిపోవాల్సిందే.

ఇంకోటి. కింది ఇంటికి పక్క సందులో పెట్టించకండి. తెరిచిన రెక్క సరిగ్గా మనిషి తల ఎత్తుకి వస్తుంది. మా సందులో గ్యాస్ బండ మోసుకొచ్చే అబ్బాయి నుదురు ఒకసారి ఆ మూలకి తగిలింది, అప్పట్నుంచి ఆ కిటికీ తెరవడమే మానేశాం.

సివిల్ ఇంజినీరు, హైదరాబాద్
5×4 ఒకే రెక్కగా చేయించొద్దు. అద్దం బరువు చదరపు మీటరుకి ప్రతి మిల్లీమీటరు మందానికీ 2.5 కిలోలు. మీ 5×4 అంటే 1.86 చదరపు మీటర్లు, 6 ఎం.ఎం. అద్దమే 28 కిలోలు అవుతుంది. రెక్క చట్రం, అందులోని స్టీలు అదనం. అంతా రెండు పక్కలా రెక్కని పట్టి ఉంచే స్టేల (లోహపు చేతుల) మీదే వేలాడాలి. పైన 2½ అడుగులు ఫిక్స్‌డ్ (తెరుచుకోని) అద్దం, కింద 1½ అడుగుల ఎత్తులో పక్కపక్కన రెండు ఆనింగ్ రెక్కలు పెట్టండి. ఒక్కో రెక్కకి అద్దం ఐదు కిలోల చుట్టే ఉంటుంది, హ్యాండిలూ చేతికందుతుంది.

అయితే గాలొచ్చే జాగా సగానికి పైగా పోతుంది. సముద్రపు గాలి కోసం మధురవాడలో కట్టుకుని ఫిక్స్‌డ్ అద్దాలు బిగించుకోవడం నాకైతే నచ్చదు. రెండో గోడకి ఇంకో కిటికీ ఉన్న గదుల్లోనే ఇలా చెయ్యండి.

అద్దం టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచినది) తీసుకోండి. గాలి భారాల మీద భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం ప్రకారం విశాఖకి బేసిక్ విండ్ స్పీడు (డిజైన్‌కి లెక్కలోకి తీసుకునే గాలి వేగం) సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. మా హైదరాబాద్‌కి 44 మీటర్లే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి మీ ఊళ్లో అద్దాలు ఎలా రాలాయో మీకు నేను చెప్పక్కర్లేదు. టఫెన్ చేశాక అద్దాన్ని కొయ్యలేరు, చిల్లు పెట్టలేరు. కొలతలు ఖాయమయ్యాకే ఆర్డరివ్వండి.

బాత్రూముకి 2×1½ చాలదు. 2×2 చేయించండి. ఆనింగ్‌కి అసలైన చోటు అదే: తెరిచి ఉన్నా కింద నిలబడి చూసేవాళ్లకి సీలింగే కనిపిస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యానుకి మాత్రం గోడలో వేరే చోటు ఇప్పుడే వదిలించుకోండి.

మెల్‌బోర్న్ నుంచి ఒక సభ్యుడు
ఇక్కడ ఇళ్లకి ఇవే ఎక్కువండీ. మెష్ తియ్యాల్సిన పనే లేదు, అడుగున చెయిన్ వైండర్ ఉంటుంది. లోపల నుంచి పిడి తిప్పితే గొలుసు రెక్కని బయటికి నెడుతుంది, మెష్ కదలదు. ఇంకో నిబంధన కూడా ఉంది: పడగ్గది నేల బయటి నేలకంటే 2 మీటర్లు, అంతకు మించి ఎత్తుంటే, కిటికీ 125 ఎం.ఎం. బంతి దూరనంతే తెరుచుకోవాలి, లేదా దానికి గట్టి జాలీ బిగించి ఉండాలి. పిల్లలు పడిపోకుండా.

ఫ్యాబ్రికేటర్, గాజువాక
వైండర్ ఆర్డరు మీద తెప్పించాలి సార్. ఖర్చు పెరిగినా వంటింటికి పెట్టించుకోవచ్చు, గ్రిల్లు ఊచ పిడికి అడ్డం రాకుండా ముందే గుర్తు పెట్టించండి.

ఇల్లు కడుతున్నాయన
చాలా థాంక్సండీ. బాత్రూములు మూడింటికీ 2×2 ఆనింగ్. వంటింట్లో సగం ఫిక్స్‌డ్, సగం ఆనింగ్, వైండర్‌తో. తూర్పు పడగ్గదికి ఇంజినీరు గారు చెప్పినట్టు, దానికి దక్షిణాన ఇంకో కిటికీ ఉంది. మిగతావి మూడు ట్రాకుల స్లైడింగే. కొటేషన్‌లో ఏమేం రాయించుకోవాలి?

ఫ్యాబ్రికేటర్, గాజువాక
స్టే "టాప్ హంగ్" రకమని రాయించండి. పక్కన కీలుండే కేస్‌మెంట్ కిటికీలకి వాడే స్టేలు తెచ్చి బిగించేవాళ్లున్నారు, వాటితో రెక్క తెరిచినచోట నిలవదు. సముద్రం దగ్గర కాబట్టి స్టేలు, స్క్రూలు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు ఉండాలి, ఉప్పుగాలికి 304 మరకలు పడుతుంది. చట్రం లోపలి స్టీలు గాల్వనైజ్డ్‌దేనా (జింకు పూతదేనా) అని అడగండి. కిటికీ అడుగున గ్రానైటు పలక బయటికి వాలుగా వేశాకే కొలతలు తీయించండి. పలక లోపలికి వాలితే ఎంత మంచి కిటికీ పెట్టినా నీళ్లు గదిలోకే.