అప్‌డేట్: ఎక్కడా ఇమడలేని మనుషుల సినిమాలు అడిగాను కదా, రెండు చూశాను

డాలస్ వచ్చి ఏడాదైనా ఊరు నాదనిపించట్లేదు, అలాంటి మనుషుల సినిమాలుంటే చెప్పమని పోయిన నెల అడిగాను. ఎక్కువమంది చెప్పినవి రెండూ చూశాం.

మీరా నాయర్ ‘ది నేమ్‌సేక్’ (2006) కొడుకు పేరు గొడవ కోసం చూడమన్నారు. నా మనసు మాత్రం తల్లిగా వేసిన టబూ దగ్గరే ఆగిపోయింది. పెళ్లిచూపుల రోజు గుమ్మం బయట ఇర్ఫాన్ ఖాన్ విడిచిన బూట్లలో మెల్లగా కాళ్లు పెట్టి చూసుకుంటుంది. తర్వాత అమెరికాలో, ఒక్కతే, రైస్ క్రిస్పీస్ అనే అక్కడి మరమరాల్లాంటి వాటిలో కారం, వేరుశెనగపప్పు కలుపుకుంటుంది. నేను ఓట్స్‌లో ఆవకాయ కలుపుకునే రకం, ఇక చెప్పేదేముంది. మా ఆవిడ నన్ను చూసి నవ్వింది. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏం మాట్లాడుకోలేదు.

విమ్ వెండర్స్ ‘పారిస్, టెక్సస్’ (1984) మొదట్లో ఓపిక పట్టాలి, హీరో నోరే విప్పడు. తన దగ్గర టెక్సస్‌లోనే ఉన్న పారిస్ అనే ఊళ్లో కొనుక్కున్న ఖాళీ స్థలం ఫొటో ఒకటుంటుంది, అంతే. సినిమా అయ్యేదాకా ఆ ఊరు కనపడదు. మాకేమో కారులో రెండు గంటల లోపే. శనివారం వెళ్లొచ్చాం. అక్కడో బుల్లి ఈఫిల్ టవర్ ఉంది, నెత్తిన ఎర్ర కౌబాయ్ టోపీతో. ఫొటో పంపితే అమ్మ ఫోన్ చేసి, ‘పారిస్ వెళ్తున్నట్టు చెప్పనేలేదేంరా?’ అంది.