జ్విఫ్ట్‌లో ట్రైనర్ డిఫికల్టీ తగ్గిస్తే వేగం పెరుగుతుందా?

ప్రశ్న: ఇంట్లో స్మార్ట్ ట్రైనర్‌పై (దారి వాలును బట్టి తొక్కే బిగువును తానే మార్చే పరికరం) సైకిల్ బిగించి, జ్విఫ్ట్ అనే సైక్లింగ్ యాప్‌లో 21 మలుపుల కొండదారి ఆల్ప్ డు జ్విఫ్ట్ ఎక్కుతున్నాను. ట్రైనర్ డిఫికల్టీని (తెరపై వాలులో ఎంత శాతం కాళ్లకు తెలియాలో నిర్ణయించే సెట్టింగు) సున్నాకు దించితే త్వరగా ఎక్కవచ్చని ఒక మిత్రుడు అంటున్నారు. ఇది నిజమేనా?

సమాధానం 1: కాదండీ. తెరపై వేగాన్ని ప్రధానంగా మీరు తొక్కే వాట్లు, నమోదు చేసిన బరువు, దారి వాలు నిర్ణయిస్తాయి కాబట్టి, ఆ సెట్టింగును ఎంత దించినా అదే సమయంలో పైకి చేరడానికి అన్నే వాట్లు కావాలి. మామూలుగా అది 50 శాతం వద్ద ఉంటుంది; అంటే 8 శాతం ఎక్కుడు కాళ్లకు 4 శాతంగా తెలుస్తుంది, గేర్లు తక్కువగా మార్చవలసి వస్తుంది. (బరువు తగ్గించి నమోదు చేసుకునేవారి సంగతి వేరు!)

సమాధానం 2: అయితే సైకిల్‌కు తేలిక గేర్లు లేనప్పుడు ఆ సెట్టింగును తగ్గించుకోవడమే మేలు, లేకుంటే మోకాళ్లపై భారం పడుతుంది. ఎర్గ్ మోడ్‌లో మాత్రం ఈ సెట్టింగుతో పనే లేదు; నిర్దేశించిన వాట్లకు తగినట్లు ట్రైనరే బిగువు మార్చుకుంటుంది.