బేస్ క్లాసుల ఉన్న లిస్టును చైల్డ్ క్లాసుల ఓవర్‌రైడ్ చెయ్యాల్నా, వద్దా?

బత్తాయి_యార్డు (నల్లగొండ):
సీ షార్ప్ భాష, డాట్‌నెట్ 8. బేస్ క్లాసు (తల్లి క్లాసు) పేరు ‘లోడ్’. అండ్ల ‘సరుకులు’ అని వర్చువల్ ప్రాపర్టీ (చైల్డ్ క్లాసుల ఓవర్‌రైడ్ చేసి, అంటే తిరిగి రాసి, మార్చుకోవచ్చు), టైపు లిస్ట్ ఆఫ్ సరుకు. మొత్తం బరువు లెక్కగట్టే మెథడ్ గూడ అండ్లనే ఉన్నది. చైల్డ్ క్లాసు ‘బత్తాయి లోడ్’. దీంట్ల పత్తి, వడ్లు పడొద్దు. అందుకని టైపును లిస్ట్ ఆఫ్ బత్తాయిగ మార్చి ఓవర్‌రైడ్ చేస్తే కంపైలర్ ఒప్పుకుంటలేదు. సీ షార్ప్ 9 నుంచి ఓవర్‌రైడ్‌ల రిటర్న్ టైపు మార్చుకోవచ్చంటరు గద? ‘న్యూ’ పెట్టి బేస్ ప్రాపర్టీని దాస్తే తప్పా?

పాలమూరు_కంపైలర్:
తప్పే తమ్మీ. ‘న్యూ’ అంటే ఓవర్‌రైడ్ గాదు, ఒక్క పేరు మీద రెండు లిస్టులు. 20 కిలోల ట్రేలు 3 బత్తాయి లిస్టుల వేసినవనుకో. బరువు మెథడ్ బేస్‌ల ఉన్నది, అది బేస్ లిస్టునే చూస్తది. 60 రావాల్సిన కాడ 0 వస్తది. ఎర్రర్ లేదు, ఎక్సెప్షన్ లేదు. ‘న్యూ’ రాయకుంటే వార్నింగన్న వచ్చేది, దాని నోరు గూడ నువ్వే మూసినవ్.

ఇగ సీ షార్ప్ 9 సంగతి. కొత్త టైపు పాత టైపు కాడ చెల్లాలె, ప్రాపర్టీకి సెట్ ఉండొద్దు. బత్తాయి సరుకే, గని బత్తాయి లిస్టు సరుకు లిస్టు గాదు. అయితదంటే, సరుకు లిస్టు అనుకొని ఎవడన్న దాంట్ల పత్తి యాడ్ చేస్తడు. అర్రేలకు (సైజు మారని వరుసలకు) గట్లనే వదిలిపెట్టిన్రు, అందుకే అవి కంపైలయి రన్‌టైంల, అంటే ప్రోగ్రాం నడిచేటప్పుడు, పేలుతయ్.

మూసీ_బిట్స్ (సూర్యాపేట):
‘న్యూ’ను అంత తీసిపారెయ్యకు అన్నా. రెండో లిస్టు పెట్టుడే తప్పు. గెట్‌ల బేస్ లిస్టుల ఉన్న ఒక్కొక్క సరుకును బత్తాయికి క్యాస్ట్ చేసి (బత్తాయి టైపుగ చూపి) ఇస్తే సరుకు ఒక్క తాననే ఉంటది, బరువు 60 వస్తది. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద ఇరుక్కున్నోళ్లకు ఆ రిటర్న్ టైపు సౌలత్ లేనే లేదు.

పాలమూరు_కంపైలర్:
బేస్ దిక్కు నుంచి పత్తి వేస్తే? తలుపు తెరిచే ఉన్నది. నీ క్యాస్ట్ ఇన్‌వ్యాలిడ్ క్యాస్ట్ ఎక్సెప్షన్ ఇస్తది, అదీ వేసిన కాడ గాదు, చదివిన కాడ. తప్పు చేసినోడు ఒకడు, దొరికేటోడు ఇంకొకడు.

నేనైతే బేస్‌ల ఐరీడ్‌ఓన్లీలిస్ట్ (చదువుడే తప్ప యాడ్ లేని లిస్టు) ఆఫ్ సరుకు పెడత, గెట్ ఒక్కటే. చైల్డ్‌ల ఐరీడ్‌ఓన్లీలిస్ట్ ఆఫ్ బత్తాయిగ ఓవర్‌రైడ్. లోపట ప్రైవేట్ లిస్టు, బయటికి బత్తాయిని మాత్రమే తీసుకునే యాడ్ మెథడ్. బత్తాయి క్లాసే ఉండాలె, స్ట్రక్ట్ (వ్యాల్యూ టైపు) అయితే నడ్వదు.

కృష్ణ_ఒడ్డు (గద్వాల):
దీంట్ల ఒక గుంత ఉన్నది. బేస్ కన్‌స్ట్రక్టర్ల (ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే కోడ్‌ల) ‘సరుకులు’ను ముట్టుకోవద్దు. అప్పటికి చైల్డ్ కన్‌స్ట్రక్టర్ బాడీ నడ్వలే. లిస్టును ఆ చైల్డ్ బాడీల తయారు చేస్తే బేస్‌కు నల్ (ఏమీ లేనిది) తగుల్తది. ఫీల్డు పక్కనే ఈక్వల్ న్యూ అని రాస్తే సీ షార్ప్‌ల బతుకుతవ్, ఎందుకంటే చైల్డ్ ఫీల్డులు బేస్ కన్‌స్ట్రక్టర్ కన్న ముందే నిండుతయ్. జావాల ఉల్టా: సూపర్ (బేస్ కన్‌స్ట్రక్టర్) అయినంకనే ఫీల్డులు, కాబట్టి అక్కడ నల్లే.

మూసీ_బిట్స్:
గింత తిప్పలు పడేకంటె లోడ్ ఆఫ్ టి అని జెనరిక్ (టి కాడ కావాల్సిన టైపు పెట్టుకునే క్లాసు) రాస్తే అయిపాయె. టి సరుకై ఉండాలని షరతు. లిస్టు ఒక్కటే, ఓవర్‌రైడే లేదు.

బత్తాయి_యార్డు:
గేటు కాడి క్యూల బత్తాయి లోడ్లు, పత్తి లోడ్లు కలిసే ఉంటయ్ అన్నా. అన్నిటికీ ఒక్క లిస్టు కావాలె.

మూసీ_బిట్స్:
ఐలోడ్ అని జెనరిక్ గాని ఇంటర్‌ఫేస్ (క్లాసుల ఏమేం ఉండాలె అని చెప్పే ఒప్పందం) పెట్టు, అండ్ల బరువు ఒక్కటే ఉంచు. క్యూ ఆ ఐలోడ్‌లదే.

పాలమూరు_కంపైలర్:
రేపు అదే క్యూల నుంచి సరుకు పేర్లు గూడ అడుగుతరు. అప్పుడు ఆ ఇంటర్‌ఫేస్‌ల ఐరీడ్‌ఓన్లీలిస్ట్ ఆఫ్ సరుకు పెట్టక తప్పదు. తిరిగి నా తానికే వస్తవ్.