ఏసీ కూడా టచ్‌స్క్రీన్‌లోనే ఉన్న కారు నడిపేవాళ్లు కాస్త చెప్పండి

పన్నెండేళ్లుగా ఒకే కారు నడుపుతున్నాను. ఏసీ, ఫ్యాన్, పాటల సౌండు అన్నిటికీ తిప్పే నాబ్‌లే. చూపు రోడ్డు మీదే ఉంచి చేత్తో తడుముకుని తిప్పేస్తాను. ఇప్పుడు కొనాలనుకుంటున్న కారులో అవన్నీ పెద్ద స్క్రీన్‌లోకి వెళ్లిపోయాయి.

టెస్ట్ డ్రైవ్ రోజు వాన. ముందు అద్దానికి లోపలి నుంచి ఆవిరి పట్టేసింది. స్క్రీన్ మీద మ్యాప్ ఉంది. అది పక్కకు జరిపి, ఏసీ పేజీ తెరిచి, అద్దం మీదికి గాలి కొట్టే బొమ్మ కోసం వెతుకుతుంటే ముందు బండి బ్రేక్ లైట్లు వెలిగాయి. గుండె ఝల్లుమంది. 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు చూపు తిప్పితే కారు 33 మీటర్లు వెళ్లిపోతుంది మరి.

అలవాటైతే అదే సర్దుకుంటుందని షోరూమ్‌లో అన్నారు. కానీ 2022లో స్వీడన్ కార్ల పత్రిక వి బిలాగారే చేసిన పరీక్ష గురించి చదివాను. 110 కిలోమీటర్ల వేగంలో కొన్ని మామూలు పనులు చేయిస్తే, బటన్లున్న 2005 వోల్వోలో 10 సెకన్లే పట్టిందట. ఒక కొత్త టచ్‌స్క్రీన్ కారులో 44 సెకన్లు దాటింది. అదీ డ్రైవర్లకు ముందే కారు అలవాటు చేసుకునే టైమ్ ఇచ్చాక!

ఇలాంటి కారు కనీసం ఏడాది నడిపినవాళ్లు చెప్పండి, చూడకుండా నొక్కడం నిజంగా వస్తుందా? కిటికీ దించి ఉన్నా, పిల్లలు గోల చేస్తున్నా వాయిస్ కమాండ్ పనిచేస్తుందా? ముఖ్యంగా, దారిలో స్క్రీన్ హ్యాంగ్ అయితే ఏసీ సంగతేంటి? వచ్చే వారం అడ్వాన్స్ కట్టాలి, టెన్షన్‌గా ఉంది.