గెట్టు కాడ పంచాయితీ: ఇంగ్లీషుల డిస్ప్యూటా, క్వారలా, ఫైటా?

టైపు మిషన్, నల్లగొండ

అందరికీ నమస్తే. కోర్టు దగ్గర తెలుగు కాయితాలు ఇంగ్లీషులకు మార్చి టైపు కొట్టే పని నాది. మొన్న ఒక పెద్దమనిషి వాంగ్మూలం వచ్చింది. అన్నదమ్ముల భూములు పక్కపక్కనే. నడుమ గెట్టు మీద చింతచెట్టు. ఏటా చింతపండు దులిపే రోజుల్ల ఇద్దరికీ పడదు. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్న:

"గెట్టు కాడ మాకు పంచాయితీ అయింది. మాటకు మాట పెరిగింది. లొల్లి లొల్లి అయింది. ఊరోళ్లు వచ్చి ఇడిపించిన్రు."

మొదటి వాక్యంల పంచాయితీకి నేను డిస్ప్యూట్ అని పెట్టిన. మా సీనియర్ దాన్ని కొట్టేసి క్వారల్ అని రాసిండు. కాయితం తీస్కపోనీకి వచ్చిన పెద్దమనిషి కొడుకు హైదరాబాదుల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తడు. 'కాన్‌ఫ్లిక్ట్ అని పెట్టండి అన్నా, డీసెంట్‌గ ఉంటది' అన్నడు. ఒక్క మాటకు ముగ్గురం మూడు దిక్కులు. నాకైతే ఇప్పటికీ డిస్ప్యూటే మంచిదనిపిస్తున్నది. ఎవ్వరి మీద తప్పు మోపదు, ఎక్కడ పెట్టినా సరిపోతది. మీరేమంటరు?

రిటైర్డ్ ఇంగ్లీష్ సార్, పాలమూరు

ఎక్కడ పెట్టినా సరిపోయే మాట మీదనే నాకు అనుమానం తమ్మీ. ముప్పై ఏండ్లు ఇంగ్లీషు చెప్పిన అనుభవంతో అంటున్న.

డిస్ప్యూట్ ఉండాలంటే ఇద్దరి నడుమ ఒక వస్తువో, హద్దో, హక్కో ఉండాలె. అది నాది అని ఒకడు, కాదు నాది అని ఇంకొకడు. దానికి అరుపులు అక్కరలేదు. ఇరవై ఏండ్లు కోర్టుల నడిచే డిస్ప్యూట్ ఉంటది, ఆ ఇద్దరూ పేషీ నాడు ఒకే బస్సుల వచ్చి ఒకే హోటల్ల చాయ్ తాగి పోతరు. క్వారల్ అట్ల కాదు. అది ఒక పూట జరిగే ముచ్చట. మొదలైతది, గొంతులు లేస్తయి, అయిపోతది. కోపం లేకుండ క్వారల్ లేదు. లాటిన్ల దాని మూలానికి అర్థం మొర, ఫిర్యాదు. 'నువ్వు నాకు అన్యాయం చేసినవ్' అనే ఏడుపు ఆ మాట లోపల ఇప్పటికీ ఉంది.

ఇగ కాన్‌ఫ్లిక్ట్. దాని మూలం ఒకదాన్నొకటి ఢీకొట్టుడు. కానీ ఇయ్యాల ఆ మాట దేశాల మధ్య యుద్ధాలకు, ఒక మనిషి మనసు లోపలి పెనుగులాటకు, కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ లాంటి వాటికి వాడుతున్నరు. ఆఫీసు భాషల కూడా పడ్డది, అందుకే ఆ పిల్లగాడికి డీసెంట్‌గ వినిపించింది. చింతచెట్టు కింద ఇద్దరన్నదమ్ములు ఒర్లుకుంటే అది కాన్‌ఫ్లిక్ట్ కాదు.

చెట్టు ఎవరిది అన్నది డిస్ప్యూట్. ఆ రోజు పొద్దున జరిగింది క్వారల్. పెద్దమనిషి 'అయింది' అన్నడు, 'ఉంది' అనలేదు. మీ సీనియర్ మాటే ఖరారు.

దేవరకొండ వకీలు

సార్ చెప్పిన తేడా వ్యాకరణం ముచ్చట అనుకునేరు. ఇదే తేడా మీద మనుషులకు పడే శిక్ష మారుతది.

పాత ఐపీసీ 300 సెక్షన్‌ల నాలుగో మినహాయింపు చూడుండ్రి. 2024 జులై 1 నుంచి అదే సంగతి భారతీయ న్యాయ సంహిత 101ల ఉంది. ముందుగాల అనుకోకుండ, అప్పటికప్పుడు లేచిన 'క్వారల్' మీద, ఆవేశంల జరిగిన 'ఫైట్'ల ప్రాణం పోతే, చంపినోడు దాన్ని అదనుగ తీసుకోకుంటే, క్రూరంగ చేయకుంటే, అది మర్డర్ కాదు. ఆ ఒక్క వాక్యంలనే క్వారల్ ఉంది, ఫైట్ ఉంది. రెండూ వేర్వేరు మాటలు, రెండూ రుజువు కావాలె. క్వారల్ అంటే నోటి మాట. ఫైట్ అంటే రెండు దిక్కులా చేతులు లేవాలె. ఒకడే కొట్టి ఇంకొకడు తిన్నది ఫైట్ కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పినయి.

మన సాక్షి ఏమంటడు? 'గొడవ పడ్డరు సార్' అంటడు. ఆ గొడవ నోటిదా, చేతిదా? తర్జుమా చేసేటోడు పొద్దుగూకే ముందు తొందరల ఫైట్ అని కొడితే, జరగని కొట్లాట కాయితం మీద జరిగినట్టు అయితది. క్వారల్ అని కొడితే, నిజంగ జరిగిన కొట్లాట మాయమైతది. పై కోర్టుల కూసున్నాయన ఇంగ్లీషు కాయితమే చూస్తడు. ఆయనకు మీ పెద్దమనిషి గొంతు వినపడదు.

కాబట్టి డిస్ప్యూట్ 'ఎవ్వరి మీద తప్పు మోపదు' అనే మాట నేను ఒప్పుకోను. అది నిజాన్ని కూడా మోయదు.

మిర్యాలగూడ రిపోర్టర్

నేను కొంచెం డిస్ప్యూట్ తరఫున మాట్లాడుత. మా దిక్కు ఆ మాట లేకుండ వార్త రాయలేం.

కృష్ణా నీళ్లదే తీసుకోండి. రాజ్యాంగం 262వ అధికరణంల, 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జలాల చట్టంల ఉన్న మాట డిస్ప్యూటే. బచావత్ ట్రిబ్యునల్ 1973ల మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు పంచింది. తర్వాత బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ వచ్చింది. లెక్కలు, వాటాలు, వాదనలు. ఇది అసలైన డిస్ప్యూట్. దీన్ని క్వారల్ అంటే రైతు హక్కును చిల్లర చేసినట్టు.

అదే 2023 నవంబరు నెలాఖరుల, మన ఎలక్షన్ పోలింగ్ రోజున, ఆంధ్రప్రదేశ్ పోలీసులు సాగర్ డ్యాం మీదికి వచ్చి 26 గేట్లల 13 గేట్లు తమ చేతిల పెట్టుకున్నరు. అది డిస్ప్యూట్ అంటే తక్కువైతది, క్లాష్ అంటే ఎక్కువైతది. నేనైతే స్టాండాఫ్ అని రాస్త. ఇద్దరు ఎదురెదురుగ నిలబడి, ఎవ్వరూ వెనక్కి జరగని స్థితి. డిస్ప్యూట్ యాభై ఏండ్ల సంది ఉన్నదే, స్టాండాఫ్ ఆ రోజుది.

ఇంగ్లీషు పేపర్ల హెడ్డింగుల్ల రో, స్పాట్, టిఫ్ అని చూస్తరు కద, ఎక్కువసార్లు జాగా సరిపోక పెట్టినవే అవి. టిఫ్ అంటే దగ్గరోళ్ల నడుమ చిన్న అలుక. మంత్రుల పంచాయితీకి అది పెట్టినప్పుడు నాకు బాధైతది. వాటిని చూసి మన పిల్లలు పరీక్షల్ల రాయొద్దు.

వనపర్తి అక్క

నేను గ్రూప్స్‌కు చదువుతున్న, మండలంల ఆడోళ్ల సంఘాలతో కూడా పని చేస్త. ఒక మాట చెప్పకుండ ఉండలేను.

ఒకామె దవడ వాచి వచ్చింది. చేతి గాజులు పగిలి మణికట్టు మీద గీతలు. తెలుగు అర్జీల 'భార్యాభర్తల గొడవ' అని రాసిన్రు. అది ఇంగ్లీషు కాయితంల 'డొమెస్టిక్ డిస్ప్యూట్' అయింది. రెండు సార్లు మారేసరికి కొట్టినోడే కనపడకుండ పోయిండు. 2005ల వచ్చిన గృహహింస చట్టం ఇంగ్లీషు పేరుల డిస్ప్యూట్ లేదు, వయొలెన్స్ ఉంది. చట్టం అంత స్పష్టంగ అన్నంక మనం ఎందుకు మెత్తగ చెయ్యాలె?

డిస్ప్యూట్, కాన్‌ఫ్లిక్ట్, క్వారల్, మూడింటికీ ఇద్దరు కావాలె, ఇద్దరూ సమానం కావాలె. ఒకరు కొట్టి ఇంకొకరు పడ్డ కాడ ఆ మూడూ అబద్ధమే. నల్లగొండ పల్లెల్ల జనం 1946 నుంచి 1951 దాకా చేసినదాన్ని మనం సాయుధ పోరాటం అంటం, ఇంగ్లీషుల ఆర్మ్‌డ్ స్ట్రగుల్ అంటం. దాన్ని 'దొరలకు రైతులకు కాన్‌ఫ్లిక్ట్' అని రాసి చూడుండ్రి. ఎవరు ఎవరి మీద నిలబడ్డరో ఏమన్న తెలుస్తదా?

రిటైర్డ్ ఇంగ్లీష్ సార్, పాలమూరు

అమ్మా, నువ్వు చెప్పింది నేను క్లాసుల ఎన్నడూ చెప్పలేదు. చెప్పాల్సి ఉండె.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి రిపోర్టర్ తమ్మునికి ఒకటి. ఇంగ్లీషుల రైవల్ అనే మాట లాటిన్ల 'ఒకే వాగు నీళ్లు వాడుకునేటోడు' అనే దాని నుంచి వచ్చింది. మన దాయాది కూడా అంతే. ఆస్తిల పాలున్నోడు దాయాది, పగవాడూ దాయాదే. మన ఊర్ల పాలోళ్లు అంటే చావుకు మైల పట్టేటోళ్లు, గెట్టు కాడ గుంజుకునేటోళ్లు, ఇద్దరూ వాళ్లే. ఈ చింతచెట్టు అన్నదమ్ములకు రైవల్స్ అనే మాట ఆ పాత అర్థంల ఎంత సరిపోతదో. కానీ ఇయ్యాల్టి ఇంగ్లీషుల అది పోటీదారుడు అయింది కాబట్టి కాయితంల పెట్టకు తమ్మీ.

టైపు మిషన్, నల్లగొండ

మీరందరూ చెప్పినంక డిస్ప్యూట్ ఇడిసిపెట్టిన. కానీ ఇంకో అనుమానం. పంచాయితీ అనే మాటనే ఇంగ్లీషు అక్షరాల్ల అట్లనే ఉంచితే ఏమైతది? ఆయన మాట ఆయనకే ఉంటది కద. లేకపోతే ఆయన్నే పిలిచి చేతులు లేసినయా లేదా అని అడిగి రాయనా?

దేవరకొండ వకీలు

రెండూ చెయ్యకు.

పంచాయితీ అని అట్లనే పెట్టినవనుకో, చదివే జడ్జి ఢిల్లీ దిక్కాయన కావొచ్చు, తమిళాయన కావొచ్చు. 'గెట్టు దగ్గర పంచాయితీ జరిగింది' అని చదివితే పెద్దమనుషులు కూసోని రాజీ చేసిన్రు అనుకుంటడు. అర్థం తలకిందులైతది. మన తెలంగాణల ఒక్కటే మాట తగాదాకూ ఉంది, ఆ తగాదా తీర్చేదానికీ ఉంది. మనకు సందర్భం తెలుసు, ఆయనకు తెల్వదు.

అడిగి రాసుడు ఇంకా తప్పు. వాంగ్మూలం ఇచ్చిన రోజు చెప్పని మాట తర్జుమాల పుట్టొద్దు.

ఒక్కటి మాత్రం గమనించు. ఆఖరి వాక్యం 'ఇడిపించిన్రు'. ఉత్తగ ఒర్లుకుంటున్నోళ్లను ఊరోళ్లు ఆపుతరు, సముదాయిస్తరు. ఇడిపించుడు అంటే ఒకరినొకరు పట్టుకున్నరనే అనుమానం వస్తది. కానీ ఆయన అది నోటితోని అనలేదు. కాబట్టి దాన్ని తెచ్చి మొదటి వాక్యంల ఫైట్‌గ ఎక్కించొద్దు. ఆఖరి వాక్యంలనే 'సెపరేటెడ్ దెమ్' అని ఉంచు. ఆ అనుమానం మీద ప్రశ్నలు అడిగేటోళ్లు కోర్టుల ఉన్నరు.

మిర్యాలగూడ రిపోర్టర్

వకీలు సాబ్, లొల్లిని ఏం చేద్దాం? క్వారల్ అని మొదటి వాక్యంలనే వాడుకున్నం.

రిటైర్డ్ ఇంగ్లీష్ సార్, పాలమూరు

లొల్లిల మొదలు ఉన్నది చప్పుడు. తగాదా తర్వాత. పిల్లలు క్లాసుల చేసేది కూడా లొల్లే. అది కమోషన్. మాటకు మాట పెరిగింది అనేదానికి ఒక్క నామవాచకం కోసం ఎతకకండి, 'వర్డ్స్ గ్రూ హీటెడ్' చాలు. ఆర్గ్యుమెంట్ అని పెడితే వకీళ్లు చేసే వాదన అనే అర్థం కూడా తగులుతది, కోర్టు కాయితంల ఆ గందరగోళం ఎందుకు?

టైపు మిషన్, నల్లగొండ

టైపు కొట్టుడు అయిపోయింది అన్నా, సార్, అక్కా. నాలుగు వాక్యాలు నాలుగే ఉన్నయి. గెట్టు కాడ క్వారల్. మాటలు పెరిగినయి. కమోషన్. ఊరోళ్లు సెపరేట్ చేసిన్రు. కొడుకు ఫోన్ చేసి కాన్‌ఫ్లిక్ట్ ఎందుకు పెట్టలేదని అడిగిండు. మీ నాయన అనని మాట నేను పెట్టలేను బాబూ అని చెప్పిన. కొంచెం సేపు మాట్లాడలేదు, తర్వాత సరే అన్నడు.

అక్క చెప్పిన అర్జీ ముచ్చట మనసుల గుచ్చుకున్నది. నేను కొట్టిన కాయితాల్ల గొడవ అని ఉన్నచోటల్లా ఎన్నిసార్లు డిస్ప్యూట్ పెట్టిన్నో. ఇగ ముందట 'కొట్టిండు' అని ఉంటే 'బీట్ హర్' అనే వస్తది, పైన గొడవ అని ఎన్నిసార్లు ఉన్నా సరే.

రెండో పేజీల ఒక వాక్యం మిగిలింది. 'గప్పటి సంది మాకు మాటల్లేవు' అని. ఎస్ట్రేంజ్‌డ్ అనాల్నా, నాట్ ఆన్ స్పీకింగ్ టర్మ్స్ అనాల్నా?

రిటైర్డ్ ఇంగ్లీష్ సార్, పాలమూరు

రెండోదే పెట్టు తమ్మీ. మాటల్లేవు అన్నడు. మనసు ఇరిగింది అనలేదు.