కంపైలర్ కనబడకపోతే ఫోల్డరుకు పేరు మార్చి నడిపించవచ్చా?

మారతహళ్ళి వాసి:
2018 తర్వాత ఎవరూ ముట్టుకోని ఒక ఆండ్రాయిడ్ యాప్ నా చేతికి వచ్చింది. అందులో కొంత భాగం సీ ప్లస్ ప్లస్. బిల్డ్ మొదలుపెట్టగానే, ఎన్‌డీకేలో (ఆండ్రాయిడ్ కోసం సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను కంపైల్ చేసే పనిముట్ల కట్ట) మిప్స్64 ప్రాసెసర్‌కు టూల్‌చైన్, అంటే కంపైలర్ ఉండే ఫోల్డర్, లేదంటూ ఆగిపోయింది. మేము మిప్స్ ప్రాసెసర్‌కు యాప్ ఇవ్వనే ఇవ్వం! మా సీనియర్ వచ్చి, ఎన్‌డీకేలో ఆర్మ్64 అనే మరో ప్రాసెసర్‌కు ఉన్న ఫోల్డరును కాపీ చేసి దానికి మిప్స్ పేరు పెట్టారు. బిల్డ్ పూర్తయింది. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. ఇది సరైన పద్ధతేనా? నా దగ్గరున్నది ఎన్‌డీకే ఆర్21, గ్రేడిల్ (బిల్డ్ నడిపించే సాధనం)కు ఆండ్రాయిడ్ ప్లగిన్ 3.0.

బెళ్ళందూరు వాసి:
తప్పేముందండి? మిప్స్ కోసం ఒక్క ఫైలు కూడా కంపైల్ కాదు. ఆ ఫోల్డర్ ఉందా లేదా అని ప్లగిన్ చూస్తుంది, అంతే. యాప్‌కు ఏ హానీ లేదు. పాత ప్రాజెక్టులో ప్లగిన్‌ను కదిపితే గ్రేడిల్ మార్చాలి, ఆపైన లైబ్రరీలు మొరాయిస్తాయి. సాయంత్రానికి యాప్ అందించాల్సినవాడికి అంత తీరిక ఉండదు. పేరు మార్చడం ఇష్టం లేకపోతే పాత ఎన్‌డీకే ఆర్16బీ వేసుకోండి, అందులో మిప్స్ ఇంకా ఉంది.

ఎలక్ట్రానిక్ సిటీ వాసి:
యాప్‌కు హాని లేదన్న మాట ఒప్పుకుంటాను. హాని జరిగేది టీముకు. ఆ మార్పు మీ ల్యాప్‌టాప్‌లో ఉంది, ప్రాజెక్టులో లేదు. మా ఆఫీసులో సరిగ్గా ఇదే జరిగింది. ఫోల్డరుకు పేరు మార్చిన వ్యక్తి ఉద్యోగం మానేశారు, ఆయన యంత్రాన్ని ఫార్మాట్ చేశారు. కొత్తగా చేరిన అమ్మాయి రెండు రోజులు ఆ లోపంతో కుస్తీ పట్టింది. తప్పు తనదేనేమోనని భయపడింది కూడా. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే కారణం తెలిస్తే అది పది నిమిషాల పని.

కారణం ఇదీ. 2018లో వచ్చిన ఆర్17 నుంచి ఎన్‌డీకేలో మిప్స్ తీసేశారు. 3.0 ప్లగిన్‌కు ఆ సంగతి తెలియదు. మనం అడిగామా లేదా అన్నది చూడకుండా, తనకు తెలిసిన ప్రతి ప్రాసెసర్‌కూ ఫోల్డర్ వెతుకుతుంది. ఈ లోపం కనబడితే ప్లగిన్‌ను 3.1కి లేదా ఆపైకి మార్చుకోమని ఎన్‌డీకే విడుదల పత్రంలోనే రాశారు. 3.1కి గ్రేడిల్ 4.4 చాలు, జావా 8తోనే నడుస్తుంది. లైబ్రరీలన్నీ తిరగరాయనవసరం లేదు.

ఆర్16బీ గురించి ఒక మాట. ఆండ్రాయిడ్ 15ను లేదా ఆపైదాన్ని లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లు 16 కేబీ మెమరీ పేజీలతో (ఫోన్ మెమరీని పంచే ముక్కల సైజు) పనిచేయాలని గూగుల్ ప్లే 2025 నవంబరు 1 నుంచి నియమం పెట్టింది. కొత్త ఎన్‌డీకే ఆర్28 అయితే దానికి తగ్గట్టు తానే కంపైల్ చేస్తుంది. ఈ యాప్ మళ్ళీ ప్లేస్టోర్‌కు వెళ్లేదైతే వెనక్కి నడిచి లాభమేమిటి?

బెళ్ళందూరు వాసి:
పాత ఎన్‌డీకేలో కూడా లింకరుకు (కంపైలైన ముక్కలను కలిపే పనిముట్టు) కొన్ని సూచనలు ఇస్తే 16 కేబీ పేజీలకు సర్దుబాటు అవుతుంది. కానీ ఆ అమ్మాయి సంగతి విన్నాక పేరు మార్చే ఉపాయాన్ని సమర్థించలేను. కనీసం ప్రాజెక్టు రీడ్‌మీలోనైనా రాసి ఉండాల్సింది.

ఎలక్ట్రానిక్ సిటీ వాసి:
మారతహళ్ళి వాసి గారూ, ప్లగిన్ మార్చాక ప్రాజెక్టులోని ఎక్స్‌టర్నల్‌నేటివ్‌బిల్డ్ ఫోల్డరును తొలగించండి. సీ ప్లస్ ప్లస్ బిల్డును నడిపించే సీమేక్, కంపైలర్ దారిని ఆ ఫోల్డరులోని తన క్యాషేలో రాసుకుంటుంది. అది మిగిలి ఉంటే అన్నీ సరిచేసినా పాత చోటే వెతుకుతుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి ఎన్‌డీకేను మళ్ళీ మళ్ళీ డౌన్‌లోడ్ చేస్తారు. పీజీ వైఫైలో అన్ని వందల ఎంబీలు దించడం ఎంత నరకమో నాకు తెలుసు.

మారతహళ్ళి వాసి:
కాపీ ఫోల్డర్ తీసేసి, ప్లగిన్ 3.1.4, గ్రేడిల్ 4.4 పెట్టాను. క్యాషే కూడా తొలగించాను. బిల్డ్ అయింది. సీనియర్‌కు చూపిస్తే, బిల్డ్ సర్వర్‌లోనూ అదే ఫోల్డర్ పెట్టానని అప్పుడు చెప్పారు. రేపు ఉదయం ఇద్దరం కూర్చుని దాన్ని తీసేస్తున్నాం.